యల్లక్క నేరేడు

“ఇదొగటి వద్దు, ఇది యల్లక్కది!” ఖాసింబీ మొగుడి చేతిలోని గొడ్డలి పట్టుకుంది.

బోరు ఎండి తోటంతా మోడైంది. పొద్దున్నుంచి మామిడి, పనస కట్టెలవుతున్నాయి. ప్రాణంతో మిగిలింది యల్లక్క తన పేరున నాటిన ఆ నేరేడు ఒక్కటే.

పెనుకొండ చుట్టూ తోటలు వేసిన ఇళ్లన్నీ కలిసి పెట్టుకున్న కట్టుబాటు అది. ప్రతి ఇల్లూ ఇంకొకరి తోటలో తన పేరున ఒక చెట్టు నాటాలి; ఆ తోటవాళ్లే దాన్ని సాకాలి.

“రేపు బెంగుళూరికి కూలికి పోతాండాం. దీనికి నీళ్లెవరు పోస్తారే?” అమీర్‌సాబ్ చెయ్యి విదిలించుకున్నాడు.

అప్పుడే పక్క ఊరి యల్లక్క నెత్తిన బిందెతో తోటలోకి వచ్చింది. గొడ్డలి చూసి ఆగింది.

“కొట్టొద్దప్పా. మా తోటలో నావన్నీ ఎండిపాయ. నాదంటూ ఇదొగటే ఉండాది.”

ఆమె నేరేడు మొదట్లో నీళ్లు పోస్తుంటే ఖాసింబీ అడగలేక అడిగింది.

“అక్కా, మరి మీ తోటలో మా సీతాఫలం?”

“పచ్చగుండాది. తాగేదానికి పట్టుకున్న ట్యాంకర్ నీళ్లు ముందు దానికే పోస్తాండా. నాది పోతే నేను ఏడుస్తా. మీది పోతే మీకేం మొగం చూపించేది?”

ఖాసింబీ మళ్లీ గొడ్డలి పట్టుకుంది. ఈసారి అమీర్‌సాబ్ విదిలించుకోలేదు.