ఎముకకు ఒడిబియ్యం

రాతిలో దొరికిన ఎముకల నుంచి పక్షుల్ని మళ్ళీ పుట్టించడం వచ్చాక, ఏ బాల్కనీలో చూసినా లక్షల ఏళ్ళనాటి పిట్టలే. ఎముకను మాత్రం పొడి చేయాల్సిందే. అలా మ్యూజియం నుంచి, ఒకనాటి పక్షిశాస్త్రవేత్త వెంకటాచలంగారు ఏరితెచ్చిన ఎముకలన్నీ వెళ్ళిపోయాయి. ఏనాడో అంతరించిన ఒక కొంగ కాలి ఎముక ఒక్కటే మిగిలింది.

ముప్పై ఏళ్ళుగా ఆ సొరుగుల దుమ్ము తుడుస్తూ, ఆయన రాసిన చీటీల మీదే చదువు నేర్చుకున్న బాలనర్సమ్మ దాన్ని దూదిలో చుట్టి పెట్టెలో పెట్టి, కళ్ళొత్తుకుంటూ అప్పగించింది.

ప్రయోగశాల నుంచి వచ్చిన శ్రీనిజ మూత తీసి అదిరిపడింది. "ఏంది పెద్దమ్మా, ఈ పసుపు బియ్యం?"

"ఒడిబియ్యం బిడ్డా. ఆడపిల్లను ఉత్త ఒడితోని పంపుతమా?"

"అది ఆడపిల్లని నీకెవరు చెప్పిన్రు? పసుపంటి ఎముక చెడినంక దీన్లకెల్లి పిట్ట పుట్టదు. ఇగ నువ్వే దాస్కో!"

బాలనర్సమ్మ సంతోషం పట్టలేకపోయింది. ఎముకను కొంగుతో తుడిచి, మళ్ళీ సొరుగులో పడుకోబెట్టింది. పక్కనే వెంకటాచలంగారి చీటీ. రోజూ చదివే మాటే: "దీని కూత ఎలా ఉండేదో!"

ఆ కూత ఇక ఎవరూ వినలేరని అప్పుడు తట్టింది ఆమెకు. సొరుగు మూయడానికి చెయ్యి రాలేదు.