శుక్రవారానికి కావాల్సిన చేతులు

“చూసేదానికి కాదు సార్, పట్టుకుంటే ఎట్లుంటాదో చెప్పండి,” అంది కన్యకమ్మ.

డాక్టర్ ప్రదీప్‌కుమార్ బల్లమీద పరిచిన ఫొటోల వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. కర్నూలులో ఆయన పెట్టిన ఆ చర్మం ఆస్పత్రికి మొటిమల వాళ్లు, మచ్చల వాళ్లే వస్తారు. ముడతలు పడ్డ చేతులకు సూదులు వేయించుకుంటానని యాభై నాలుగేళ్ల కిరాణా కొట్టు ఇల్లాలు ఆత్మకూరు నుంచి బస్సెక్కి రావడం ఆయనకు కొత్త. పైగా అన్ని ఫొటోలు ముందు పెడితే ఆమె ఒక్కదాన్నీ సరిగా చూడలేదు.

“మూడు రకాలున్నాయమ్మా. ఒకటి మెత్తటి జెల్. చర్మం కింద ఎక్కిస్తే నరాలు, ఎముకలు పైకి తేలకుండా చెయ్యి నిండుగా ఉంటుంది. ఆరేడు నెలల్లో కరిగిపోతుంది. రెండోది చిక్కటిది, ఏడాది పైనే ఉంటుంది. మూడోది మీ పొట్టలో కొవ్వే తీసి ఎక్కించడం.”

“చిక్కటిది చేతికి తగుల్తాదా?”

“కొందరికి మొదట్లో చిన్న చిన్న ఉండల్లా తగలొచ్చు. కానీ చూపుకు...”

“చూపు సంగతి వదిలేయండి సార్. కొవ్వు ఎక్కిస్తే వచ్చే శుక్రవారానికి వాపు తగ్గిపోతాదా?”

“పది రోజుల్లోనా? నమ్మకంగా చెప్పలేను.”

“అయితే జెల్లే వేయండి. కమిలి నల్లగయినా ఏం కాదు. వాపు మాత్రం ఉండగూడదు.”

నల్లగయినా ఫరవాలేదనే సోకును డాక్టరు ఇంతవరకు ఎక్కడా చూడలేదు. పక్కన కూర్చున్న ఆమె భర్త కేశవయ్య మాత్రం గచ్చు వైపే చూస్తున్నాడు.

లోపలి గదిలో నర్సు రత్నమణి ఆమె చేతులకు మొద్దుబారే మందు పూసింది. పూస్తూ ఊరుకోలేకపోయింది.

“ఇంట్లో పెండ్లా అక్కా?”

“కాదమ్మా. మా అమ్మ గాజులు తొడుగుతాది. శ్రావణ శుక్రవారం.”

“దానికి ఇంత బాధ ఏంటికి పడతాండావు?”

కన్యకమ్మకు ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే గుండె పగిలేటట్టుందేమో, మెల్లగా మొదలుపెట్టింది. చెల్లెలు నాగశ్రీ ముప్పై ఎనిమిదేళ్లకే లారీ కింద పడి చనిపోయింది. నెల దాటింది. కోడుమూరులో తమ్ముడు రాఘవేంద్రప్రసాద్ దగ్గరున్న అమ్మకు చక్కెర జబ్బుతో రెండు కళ్లూ పోయాయి. గుండె కూడా అంతంతమాత్రమే. కడగొట్టు బిడ్డ మీదనే ఆమె ప్రాణాలన్నీ. నాగశ్రీ లేదని తెలిస్తే అమ్మ ఆ పూట దాటదని ఇంట్లో అందరికీ భయం.

“అక్కచెల్లెండ్లం ఇద్దరిదీ ఒకటే గొంతు. ఫోన్లో మా ఆయనే ఎన్నోసార్లు ఏమారినాడు. అందుకని నేనే నాగశ్రీ అయినట్టు గడప కాడ నిలబడి మాట్లాడి వస్తాండా. గాజులు తొడగాలంటే చెయ్యి పిసకల్ల, నొక్కల్ల. దానివి వెన్నముద్ద అట్లాంటి చేతులు. నావి చూడు.”

రత్నమణి చూసింది. ముప్పై ఏళ్లు మిరపకాయలు తూచి, బెల్లం దిమ్మెలు పగలగొట్టిన చేతులు. అరచేతుల్లో కాయలు మాత్రం కొంచెం తగ్గాయి. నెల నుంచి గిన్నె ముట్టుకోకుండా వెన్న రుద్దుతోందట.

“ఇల్లంతా ఏడుస్తాంటే అమ్మకు అనుమానం రాలేదా?”

“వచ్చింది. ఏదో ఒకటి చెప్పినాంలే.”

“మరి నిన్ను అడగదా? పెద్ద కూతురు యాడ, రాలేదే అని?”

“నన్నడగదులేమ్మా.”

గుమ్మంలో నిలబడ్డ కేశవయ్య మొహం అటు తిప్పుకున్నాడు. ముసలాళ్లు ఒక బిడ్డను ఒకలాగా, ఇంకో బిడ్డను ఇంకోలాగా చూడడం రత్నమణి తన ఇంట్లోనే ఎరుగును. ఆమెకు కన్యకమ్మ మీద చాలా జాలేసింది.

శుక్రవారం వచ్చింది. కోడుమూరు దాకా బస్సులో కన్యకమ్మ తన చేతులు తానే నొక్కి చూసుకుంటూ కూర్చుంది. వాపు తగ్గిపోయింది. అయినా నమ్మకం లేదు.

“దొరికిపోతే ఏం చేసేదండీ?” అంది భర్తతో.

“ఇప్పుడు ఎనక్కి పోయేదానికి లేదు గదా,” అన్నాడు కేశవయ్య.

చాప మీద కూర్చున్న అమ్మ ముందు పళ్లెంలో ఆకుపచ్చ గాజులున్నాయి.

“నాగూ, దగ్గరికి రా. నెల దినాలాయె, గడప కాన్నుంచే మాట్లాడి పోతాండావు.”

కన్యకమ్మ వెళ్లి కూర్చుంది. అమ్మ ఆమె కుడిచెయ్యి ఒళ్లోకి లాక్కుంది. వేళ్లు మెటికల మీదుగా వచ్చి, చెయ్యి వెనక వైపు ఆగాయి. అక్కడే అటూ ఇటూ తడిమాయి. తమ్ముడు గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

“చిక్కిపోయినావేమో అనుకొంటి. ఏం ల్యా, నా బిడ్డ చేతులు మెత్తగనే ఉండాయి.”

ఒక్కొక్క గాజే నొక్కి ఎక్కించింది. రెండు చేతులకూ డజను పూర్తయ్యాయి. గండం గడిచింది. కన్యకమ్మ లేవబోయింది. అమ్మ చెయ్యి వదల్లేదు.

“మీ అక్కకు ఒక్క తూరన్నా ఇట్ల నా చేత్తో తొడగల్యా నాగూ. పొట్లం చేతికిచ్చి, నువ్వే తొడుక్కో పో అంటాంటిని.”

చూపులేని కళ్లలోంచి నీళ్లు కారి, కొత్త గాజుల మీద పడ్డాయి. తనకోసం అమ్మ ఏడవడం కన్యకమ్మ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడటం. ‘అమ్మా, నేనే’ అందామని నోటి దాకా వచ్చింది, మింగేసింది.

చనిపోయింది కన్యకమ్మేనని అమ్మకు చెప్పింది తనే.