నీటి మచ్చల పుస్తకాలు

“ఈ రెండూ కూడా చదివేశారా హనుమంతరావుగారూ?”

బల్ల మీద పెట్టిన పుస్తకాలను చూసి ఇందుజ అడిగింది. ఒకటి వేదాంతం, ఇంకొకటి కోళ్ల పెంపకం. రెంటికీ అట్టలు ఉబ్బిపోయి, అంచుల వెంట గోధుమరంగు నీటి మచ్చలున్నాయి.

“అయిపోయినయ్యండి. నా పేరున ఇంకో రెండు రాయండి” అన్నాడు ముసలాయన.

జూలై నుంచీ ప్రతి శనివారం కొల్లేటికోటలో బయల్దేరి, రెండు బస్సులు మారి, ఏలూరులోని ఈ చిన్న గ్రంథాలయానికి వస్తున్నాడాయన. మూల బీరువాలో ఎవరూ ముట్టని పుస్తకాలే ఏరుకుంటాడు. ఖగోళమైనా, కుట్టుపనైనా ఆయనకు ఒకటే. ఇందుజ ఈ ఉద్యోగంలో చేరి ఆరు నెలలైంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని తోటివాళ్లు నవ్వుకునేంత హుషారు మనిషి. ఇలాంటి పాఠకుడు తనకు దొరికాడని ఇంట్లో కూడా చెప్పుకుని మురిసిపోయేది.

“వచ్చే వారం గ్రంథాలయ వారోత్సవాలండీ. ఉత్తమ పాఠకుడిగా మీ పేరే పంపించాను. మీకు బాగా నచ్చిన పుస్తకం గురించి ఇందులో నాలుగు ముక్కలు రాసివ్వండి” అంటూ కాగితం అందించింది.

హనుమంతరావు దాన్ని అందుకోలేదు.

“నాకొద్దమ్మా.”

“మొహమాటపడకండి.”

“మొహమాటం కాదండి. నాకు చదువు రాదు. సంతకం ఒక్కటే వచ్చు. అదీ రత్నమాణిక్యంగారు నేర్పిందేనండి.”

ఇందుజకు ముందు నవ్వొచ్చింది. ఆయన నవ్వకపోయేసరికి ఒళ్లు మండింది.

“మరి ఇన్నాళ్లూ పుస్తకాలు ఎవరికి తీసుకెళ్లారండీ?”

“ఎవరికీ కాదండి. ఇంట్లో పెట్టి, శనివారం మళ్లీ తెచ్చేవాణ్ణి.”

“నేను పైవాళ్లకి మీ గురించి ఏమేం రాశానో తెలుసా? గోడ మీద రాసిన గ్రంథాలయ సూత్రాల్లో మొదటిదే అది కదా! పుస్తకాలున్నది ఉపయోగం కోసం. మీ ఇంట్లో కూర్చోబెట్టడానికి కాదు.”

“మూడోది కూడా ఉంది కదమ్మా. ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు.”

చదువురాని మనిషి నోట గ్రంథాలయ సూత్రం విని ఆమె తెల్లబోయింది.

“పడవెక్కితే చాలు, రత్నమాణిక్యంగారు ఆ అయిదు సూత్రాలూ నాచేత అప్పజెప్పించుకునేవారండి” అన్నాడాయన.

“పడవా?”

“నాదేనండి.”

గోడ మీద ఆ అయిదు సూత్రాలూ రంగుతో రాసింది రత్నమాణిక్యమే. పక్కనే ఆమె ఫోటో ఉంది. కొల్లేటి లంకలకు పెట్టెలో పుస్తకాలు పెట్టుకుని పడవలో వెళ్లిన మొదటి లైబ్రేరియన్ ఆవిడ. రోడ్డు లేని ఊళ్లలో చేపలు ఆరబెట్టుకునే ఆడవాళ్లకు కూడా పుస్తకం చదివి వినిపించేదట. ముప్పై ఎనిమిదేళ్ల కిందట గాలివానలో పడవ తిరగబడింది. పడవవాడు పట్టుకున్నా చెయ్యి జారి ఆవిడ మునిగిపోయిందని, పెట్టె మాత్రం దక్కిందని ఇక్కడ చేరిన ప్రతివాళ్లకూ చెబుతారు. ఇందుజకూ చెప్పారు.

“పదేళ్లుగా ఎవరూ తీసుకోని పుస్తకాలు తీసేస్తామని జూలైలో మీరు ఇక్కడ పనిచేసే షమీమమ్మతో అంటుంటే విన్నానండి” అన్నాడు హనుమంతరావు. “తేదీ ముద్ర పడితే తియ్యరంట కదా. మచ్చలున్నయ్యన్నీ ఆ పెట్టెలోయేనండి. మొత్తం నలభై ఆరు. పొయ్యి దగ్గర పెట్టి ఒక్కో కాగితం ఆరబెట్టి తెచ్చిచ్చాను. మచ్చలు చూసి ఎవరూ తీసుకోలేదు. ఇప్పటికి ముప్పై అయినయ్యండి. ఇంకో పదహారున్నాయి. సోమవారం జాబితా వెళ్లిపోద్దంట.”

ఆ జాబితా ఇందుజ సొరుగులోనే ఉంది. అయిదో సూత్రం ప్రకారం గ్రంథాలయం పెరిగే ప్రాణి, పాత ఆకులు రాలకపోతే కొత్తవి రావు అని దాన్ని తయారు చేస్తూ తను షమీమ్‌కు పాఠం కూడా చెప్పింది. ఇప్పుడు ఆ మాట గుర్తొచ్చి సిగ్గేసింది. కార్డుకు రెండే పుస్తకాలన్నది నియమం. ఆమె లేచి మూల బీరువా దగ్గరికి వెళ్లి, మచ్చలుండి ఇంకా ముద్ర పడని పదహారు పుస్తకాలూ గుండెకు ఆనించుకుని తెచ్చింది.

“అన్నీ మీ పేరునే రాస్తున్నాను. ఎవరేమంటారో తరవాత చూద్దాం.”

ఒక్కొక్క పుస్తకమే తెరిచి ముద్ర వేస్తుంటే ఆమె కళ్లు చెమర్చాయి. ముసలాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“ఏడవకండీ. అంత గాలివానలో పెట్టె దక్కించారు. మీరు లేకపోతే ఇవి ఉండేవా? ఆవిడ బతికుంటే ఎంత పొంగిపోయేవారో!”

హనుమంతరావు ఫోటో వైపు చూడలేదు.

“ఒక చేత్తో పడవ పట్టుకున్నానండి. రెండో చేతికి ఆవిడ దొరికారు. పెట్టె కొట్టుకుపోతా ఉంది. ‘హనుమంతూ, పుస్తకాలు!’ అని అరిచారు. ఆవిడ మాట నేనెప్పుడూ కాదన్లేదండి.” తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. “చెయ్యి జారిపోయిందని అందరికీ చెప్పాను. మా ఇంటిదానికీ అదే చెప్పాను.”

ఇందుజ ముద్ర వేయడం ఆపింది.

“జారలేదమ్మా, పెట్టె కోసం నేనే వదిలాను.”