స్నేహశీలి వద్దమ్మా

"పొద్దుట్నించి కరెంటు పోవడం ఇది నాలుగోసారండీ. సరిగ్గా ముహూర్తాల రోజుల్లోనే వీళ్ళకి చెట్లకొమ్మలు కొట్టాలని గుర్తొస్తుంది," అని విసుక్కుంటూ సాయిప్రసన్న కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేసింది.

కొవ్వూరులో ఆమెది చిన్న డీటీపీ సెంటర్. ఎదురుగా కిరాణా కొట్టు నాగేశ్వరప్రసాద్ గారు గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. ఆరింటికి సభ. ఈలోగా సన్మాన పత్రం కొట్టి, ప్రింటు తీసి, ఫ్రేము కట్టించాలి. అప్పటికే మూడున్నర.

"ఏఐకి చెబితే అర నిమిషంలో రాసిచ్చేస్తుంది బాబాయ్‌గారూ. ఇదిగో, చూడండి."

ఆయన కళ్ళజోడు పైకి తోసి చదివారు. "మృదుస్వభావి, స్నేహశీలి, నిగర్వి, అజాతశత్రువు... మొన్న పళ్ళ డాక్టరుకీ ఇవేగా?"

"అవునండి."

"అంతకుముందు రిటైరైన కండక్టరుకో?"

"ఆయనకీ ఇవేనండి. అందరూ బాగున్నాయన్నారు."

"ఆ కండక్టరు నా చొక్కా రెండుసార్లు పట్టుకున్నాడమ్మా. వాడు అజాతశత్రువా? స్నేహశీలి వద్దు, ఏదీ వద్దు. ఇది కొట్టు."

జేబులోంచి మడతలు నలిగిన కాగితం తీశారు. మూడు వారాలు కూర్చుని, రాసిందానికన్నా కొట్టేసిందే ఎక్కువట.

సాయిప్రసన్న కొట్టడం మొదలుపెట్టింది.

'చిన్నతనంలో గోదావరి ఈదుతానని పందెం కాసి, సగంలో భయపడి వెనక్కి వచ్చేశాడు. బస్సులో ముసలివాళ్ళకి సీటిస్తాడు. కాకపోతే ముందు ఇంకెవరైనా లేస్తారేమో చూస్తాడు. భార్య మీద అలిగితే మూడు రోజులు మాట్లాడడు. నాలుగో రోజు పూతరేకులు పట్టుకొస్తాడు గానీ, తప్పు నాదే అని మాత్రం అనడు.'

ఆమె నిర్ఘాంతపోయింది. "సన్మానంలో ఇలాంటివి చదువుతారాండీ?"

"ఇవి చదివితే మనిషి కనపడతాడు. అవి చదివితే శాలువా కనపడుతుంది."

ఆమె వేళ్ళు ఆగిపోయాయి. పోయినేడు వాళ్ళ నాన్న చిట్టియ్య చనిపోయినప్పుడు, ఏఐ చెప్పినట్టే పెద్దకర్మ కార్డు మీద 'కరుణామూర్తి' అని కొట్టేసింది. ఆయన గోదావరిలో చేపలు పట్టేవాడు. పిల్లచేప వలలో పడితే, దాన్ని బండబూతులు తిడుతూనే నీళ్ళలోకి వదిలేసేవాడు. ఆ ముక్క ఎక్కడా రాయలేదు. రాయొచ్చని కూడా తోచలేదు.

"ఆయన మీ చిన్ననాటి స్నేహితులాండీ?" అని అడిగింది, మళ్ళీ కొడుతూ.

"ఒకే కంచం, ఒకే మంచం. అరవై రెండేళ్ళుగా చూస్తున్నానమ్మా. ఆయన విలువ పెళ్ళాం పిల్లలకి కూడా తెలీదు. మనిషి పోయాక అందరూ పొగుడుతారు. ఉండగా రెండు మంచి మాటలు వినకుండానే పోతాడేమోనని..." నాగేశ్వరప్రసాద్ గారి మాట పూర్తి కాలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు.

"హాలు కూడా మీరే మాట్లాడారటగా?"

"హాలు, శాలువా, దండ, వచ్చినవాళ్ళకి టిఫిన్లు. ఎవరో ఒకరు పూనుకోవాలి కదా తల్లీ."

"ఈ రోజుల్లో ఇంతలా ఎవరు చేస్తారండీ? ఎంత అదృష్టవంతులండీ ఆయన!"

సాయిప్రసన్న చున్నీతో కళ్ళు ఒత్తుకుంది. నాన్న సంవత్సరీకం కార్డు మాత్రం ఈసారి తన చేత్తోనే రాయాలని, ఒక్క మాట కూడా మిషన్ని అడగకూడదని అక్కడికక్కడే ఒట్టు పెట్టుకుంది.

కొట్టడం అయిపోయింది. పైన ఒక్క వరస ఖాళీగా మిగిలింది.

"పేరు చెప్పండి బాబాయ్‌గారూ. బంగారు రంగులో, పెద్దక్షరాల్లో వేస్తాను."

నాగేశ్వరప్రసాద్ గారు లేచారు. అద్దాల తలుపు దగ్గరికి వేశారు. రోడ్డు మీద తెలిసినవాళ్ళెవరూ లేరని రెండువైపులా చూసుకుని, వచ్చి కూర్చున్నారు.

"నా పేరే వేసెయ్యమ్మా."