ఆరు డబ్బాలు

బ్యాచ్ అయిపోయింది. పిల్లలంతా మెట్లు దిగి వెళ్లిపోయారు. చివరి బెంచీలో కూర్చున్న పెద్దావిడ మాత్రం లేవలేదు.

ఓంప్రకాశ్ బోర్డు తుడుస్తూ ఆమె వైపు చూశాడు. క్లాసు మొదలైనప్పటి నుంచీ అక్కడే ఉంది. మనవడినో మేనల్లుడినో చేర్పించడానికి వచ్చి ఉంటుందనుకున్నాడు. ఆ తొంభైతొమ్మిదో సంవత్సరంలో బోయిగూడలోని అతని మేడమీది గదికి అందరూ అందుకే వస్తున్నారు. ముందు ఎంసీఏ ఎంట్రన్సు, తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీ పరీక్ష. రెండింటిలోనూ సంభావ్యత లెక్కలుంటాయి. వాటిని అతనంత సులువుగా చెప్పేవాళ్లు లేరని పేరు.

"ఎవరి కోసం వచ్చిన్రమ్మా?"

"నా కోసమే బాబూ. నా పేరు ఎలీసబెతు. బొల్లారంలో ఉంటాను. పోయిన నెలే రిటైరయ్యాను. మిమ్మల్ని ఒక లెక్క అడగాలి."

ఓంప్రకాశ్ డస్టర్ పక్కన పెట్టాడు. "అడుగున్రి."

ఆమె ఒళ్లోని చేతిసంచీని గట్టిగా పట్టుకుంది.

"ఇందాక పాచికల లెక్క చెప్పారు. ఈసారి ఎంత పడుతుందో చెప్పలేం గానీ, సగటున ఎంత ఆశించొచ్చో చెప్పగలం అన్నారు. నాదీ అలాంటిదే. ఆరు టిఫిన్ డబ్బాలున్నాయనుకోండి. ఆరూ ఒకేలా ఉన్నాయి. మీద రాసిన పేర్లు వానకి తడిసి చెరిగిపోయాయి. ఇవ్వాల్సిన మనిషి భయపడింది. ఎవరికీ చెప్పకుండా ఊహ మీద ఆరుగురికీ ఆరూ ఇచ్చేసింది. ఎంతమందికి ఎవరిది వాళ్లకి చేరి ఉంటుంది?"

ఓంప్రకాశ్ నవ్వాడు. "మా నాయిన సుత లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌ల చేసిండు. డబ్బాలు మారుడు, కొట్లాటలు, అన్నీ చెప్పేటోడు. మంచి లెక్క తెచ్చిన్రు."

బోర్డు మీద ఆరు గళ్లు గీశాడు.

"మొదటి మనిషిని చూడున్రి. ఆరు డబ్బాల్ల ఆయనది ఒక్కటే. ఆయనది ఆయనకే వచ్చే చాన్స్ ఆరింట ఒకటి. రెండో ఆయనకు గూడ అంతే. ఆరుగురికీ అంతే. ఆరింట ఒకటిని ఆరుసార్లు కలిపితే ఎంత?"

"ఒకటి."

"అంతే. సగటున ఒక్కరికి. అరవై డబ్బాలున్నా జవాబు ఒకటే. పిల్లలు గిది నమ్మరు."

"ఒక్కరికేనా?"

ఆమె గొంతు వినీ వినపడనట్టుంది. "పోనీ, ఆ ఒక్కరికైనా తప్పకుండా చేరుతుందా?"

"అట్ల కాదమ్మా. సగటు అంటే గ్యారంటీ గాదు. ఇద్దరికి చేరొచ్చు, ముగ్గురికి చేరొచ్చు. ఎవరికీ చేరకపోవచ్చు గూడ." బోర్డు మూలన గబగబా లెక్కకట్టాడు. "ఆరూ తప్పుబోయే చాన్స్ నూటికి ముప్పయ్యేడు."

"ఆరూ సరిగ్గా చేరేది?"

"ఏడొందల ఇరవైల ఒకటి."

ఆమె బోర్డు వంక చూస్తూ ఉండిపోయింది. ముప్పయ్యేడు, ముప్పయ్యేడు అని పెదాలు కదిలాయి.

"ఆ చేరినవాళ్లు ఎవరో లెక్క చెబుతుందా బాబూ?"

"లెక్కకు తెల్వదమ్మా. డబ్బా మూత తీస్తే తెలుస్తది. తిరిగి తెచ్చియ్యలేదా ఎవరన్నా?"

"ఒక్కరూ తేలేదు. అందరూ తమదే అనుకున్నారు."

ఓంప్రకాశ్ చాక్‌పీస్ కింద పెట్టాడు. ఎప్పటి మాటో గానీ ఈమె దాన్ని ఇంకా మోస్తోంది. అతనికి జాలేసింది.

"అందరి కడుపు నిండింది గద. ఇంక పరేషాన్ ఎందుకు?"

ఆమె కళ్లు తుడుచుకుంది.

మెట్ల మీద చప్పుడైంది. ఓంప్రకాశ్ తల్లి అనసూయమ్మ రొప్పుతూ పైకొచ్చింది. చేతిలో రెండు చాయ్ గ్లాసులు.

"మోకాళ్లు నొస్తున్నయంటవు, మళ్ల ఎక్కుతవు. నేను దిగి రానా అమ్మా?" విసుక్కున్నాడతను.

"నువ్వు దిగేవరకు చాయ్ సల్లగైతది. పొద్దున కూడ సరిగ్గ తినలే." కొడుకు భుజం మీది సుద్దపొడిని కొంగుతో దులిపింది. ఒక గ్లాసు అతని చేతికిచ్చి, రెండోది ఎలీసబెతుకి అందించింది. "తాగమ్మా. లెక్కల్ల పడితే వీనికి ఎవ్వరూ యాదికుండరు. నాకున్నది వీడొక్కడే."

ఎలీసబెతు గ్లాసు అందుకుంది. తల్లి మొహం వైపు చూసింది. కొడుకు మొహం వైపు చూసింది. మళ్లీ తల్లి వైపు చూసింది.

"ఇంకేమన్న అడిగేదుందా అమ్మా?" అన్నాడు ఓంప్రకాశ్.

"అడగడానికి కాదు, ఒక మాట చెబుదామని వచ్చాను."

"చెప్పున్రి."

అనసూయమ్మ, కుర్చీలో కూర్చున్న కొడుకు వెనక్కి చేరి, అతను చాయ్ తాగుతుంటే చూస్తోంది.

"ఏం లేదు బాబూ. మీరు లెక్క బాగా చెప్పారు."

గ్లాసు ఖాళీ చేసి ఆమె లేచింది. అనసూయమ్మ చేతిని రెండు చేతులతో ఒక్క క్షణం పట్టుకుంది. తర్వాత గోడ ఆసరాతో ఒక్కో మెట్టూ దిగి, వెనక్కి చూడకుండా సందు దాటింది.

ముప్పయ్యారేళ్ల కిందట, కాన్పుల వార్డులో, చేతిపట్టీల మీద పేర్లు చెరిగిపోయిన ఆరుగురు పసికందుల్లో నర్సు ఎలీసబెతు ఊహ మీద అనసూయమ్మ పక్కలో పడుకోబెట్టినవాడే ఓంప్రకాశ్.