మెడలో యాంటెన్నా

"అగ్గిపెట్టెలో ఏనుగుని పెట్టమంటే నేనెక్కడ పెట్టేది?" కోడలు సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టేసింది.

"ఏనుగెందుకు? బియ్యపు గింజంత చిప్ యాంటెన్నా ఉందిగా! బిళ్ల చొక్కా గుండీ అంతే ఉంటుంది, ముచ్చటగా," అన్నాడు భర్త.

"ముచ్చటగా ఉంటే సరా? గంట మోగొద్దూ?"

పొద్దుటి నుంచి ఇదే రగడ. మెడలో ఉన్న బిళ్ల నొక్కితే ఇంట్లో గంట మోగాలి. ఎక్కడ కళ్లు తిరిగి పడిపోతుందో అని అత్తగారిని ఒంటరిగా గేటు దాటనివ్వడం లేదు. ఈ బిళ్ల కుదిరిందా, ఆవిడకి కాళ్లొచ్చినట్టే. సాయంత్రంలోగా యాంటెన్నా సంగతి తేల్చి బిళ్లలో పెట్టే సర్క్యూట్ బోర్డుని తయారీకి పంపాలి.

"గేటు బయట స్కూటర్ సీటు మీద పెట్టి నొక్కాను. ఠంగున మోగింది!"

"స్కూటర్‌కి కళ్లు తిరగవు కదండీ!"

"మీ గోల ఆపి ఇలా తెండి," అంది అత్తగారు. కొడుకు చేసిన బిళ్ల మెడలో వేసుకుని, గేటు దాకా వెళ్లి నొక్కింది.

గంట మూగనోము పట్టింది.

"చూశారా? గుండెకి ఆనుకునేసరికి సిగ్నల్‌ని ఒళ్లే మింగేసింది. పైగా ఇంత చిన్న బోర్డు మీద ఆ చిప్‌కి ఊపిరాడదు." కోడలు తను చేసిన బిళ్ల తీసింది. దాని యాంటెన్నా బోర్డు మీద లేదు. మెడలో వేసుకునే దారంలోనే సన్నటి తీగగా ఉంది. "దారం ఎలాగూ ఉండాల్సిందేగా, దానికే పని చెప్పాను."

"పలుపుతాడులా ఉంది. అమ్మ మెడకి..."

"మెడ నాది. నొప్పి నీకెందుకురా?" అంటూ ఆవిడ దాన్ని మెడలో వేసుకుని, ఫోన్ పట్టుకుని బయల్దేరింది.

గేటు దగ్గర ఠంగ్! పాలబూత్ దగ్గర ఠంగ్! మనవరాలు గంట పక్కనే గెంతుతోంది. "మందులషాపు కూడా దాటేసిందట నానమ్మ!"

"ఇక వచ్చేయండి అత్తయ్యా!" కోడలు ఫోన్‌లో అరిచింది.

"ఉండవే, ఇంకాస్త."

ఫోన్ కట్ అయింది. కాసేపు చప్పుడు లేదు. ఉన్నట్టుండి గంట ఆగకుండా మోగడం మొదలెట్టింది.

"అమ్మ పడిపోయింది!" కొడుకు చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తాడు. కోడలు ఫోన్ కలిపింది.

"పడలేదే తల్లీ! గదిలో తలుపులన్నీ మూసుకుని నొక్కాను. మోగిందా?"

"గోడలు కూడా దాటిందండీ!" కోడలి కేకకి వీధిలో ఉన్న భర్త వెనక్కి తిరిగాడు.

కాసేపటికి అత్తగారు వచ్చింది. చెప్పులు విప్పి, మంచినీళ్లు తాగింది. "ఈ తీగదే పంపించండి."

కోడలు ఎగిరి గంతేసింది. భర్త తన బిళ్ల తీసి జేబులో వేసుకున్నాడు.

"ఇంతకీ ఎవరి గదిలోంచి నొక్కారత్తయ్యా?"

ఆవిడ కొడుకునీ, కోడల్నీ, మనవరాల్నీ వరసగా చూసి, నెమ్మదిగా అంది:

"నాదే. వీధి చివర మేడ మీద గది అద్దెకి మాట్లాడుకున్నాను. వచ్చే నెల నుంచి అక్కడే ఉంటాను. గంట మోగితే పరుగెత్తుకు రండి. మోగకపోతే మాత్రం నన్ను వదిలేయండి."