నిలబడ్డ చోటే అరిగిన బెల్టు

“ముందు ఇంజన్ ఆపండమ్మా! టైమింగ్ బెల్టు తెగితే ఇంజనే పోద్ది” అన్నాడు మెకానిక్ ఎజ్రా.

“నాలుగింటి దాకా ఆపకూడదు బాబూ. రేపు పొద్దున్నే మార్చండి” అంది నాగదుర్గ.

కాకినాడ హార్బరు వెనక వీధి. వాకిట్లో మంచం మీద ఆమె భర్త భీమరాజు నిద్రపోతున్నాడు. మంచం కోడుని కారు బంపరుకి వలతాడుతో బిగించి కట్టారు. అది కాలికి తగిలి ఎజ్రా తూలాడు.

“ఎద్దుని కట్టినట్టు కారుని మంచానికి కట్టారేంటండీ?”

ఆమె భర్త మీద దుప్పటి సర్దింది.

ఏడాది కిందట ఆ పాత కారు అమ్మింది, ఎజ్రాని వెంటబెట్టుకొచ్చిన పాత కార్ల వ్యాపారి లోకనాథే. కొత్త బెల్టు వేయించి, యాభై వేల కిలోమీటర్లకి గ్యారంటీ ఇచ్చాడు. ఇచ్చిన మాట తప్పడు, ఊరికే మోసపోడు కూడా. వంగి మీటరు చూశాడు. అమ్మిన రోజు నుంచి తిరిగింది తొమ్మిది కిలోమీటర్లు.

“అంచులు పీచులు లేచిపోయాయండి” అన్నాడు ఎజ్రా, టార్చి వేసి చూస్తూ.

“ఆయిల్ కారిందా?”

“పొడిగా ఉందండి.”

“పుల్లీ వంకరా?”

“సూటిగానే ఉంది. వాటర్ పంపూ బాగుంది.”

“అయితే మీటరు తిప్పేశారన్నమాట. ఎన్ని వేలు తిప్పారమ్మా?”

నాగదుర్గ ముఖం ఎర్రబడింది. “మీ కొట్టు నుంచి ఇక్కడికి తొమ్మిది కిలోమీటర్లు బాబూ. ఆరోజు పెట్టింది పెట్టినట్టే ఉంది. అబద్ధమాడితే కళ్లు పోతాయి.”

ఎజ్రా టైరు తడిమాడు. “నిజమేనండి. మనం వేసిన కొత్త టైర్లకి రబ్బరు నూగు కూడా రాలలేదు. చక్రం తిరగలేదు, ఇంజనే తిరిగింది. నిలబెట్టి తిప్పితే గాలి ఆడదు కదండీ, వేడికి బెల్టు ఉడికిపోయింది.”

“రోజుకెన్ని గంటలమ్మా?”

“మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు. ఒక్కరోజు మానలేదు.”

లోకనాథ్ గంటకి నలభై కిలోమీటర్ల చొప్పున మనసులోనే గుణించాడు. యాభై ఎనిమిది వేలు! భూమిని ఒక చుట్టు చుట్టి, రెండో చుట్టులో సగం దాకా వచ్చేంత దూరం. అంతా ఈ గుమ్మం ముందే. గ్యారంటీ దాటిపోయిందన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

“ఎక్కడికమ్మా ఇంత దూరం?” అంటూనే చెయ్యి లోపలికి పెట్టి తాళం తిప్పేశాడు.

ఇంజన్ ఆగింది. మంచం అదురూ ఆగింది. నలభై ఏళ్లు చేపల వేట బోటులోనే నిద్రపోయి, పక్షవాతంతో ఇంటికి చేరిన భీమరాజు కళ్లు తెరిచాడు.

“దుర్గా, అప్పుడే ఒడ్డుకొచ్చేశామేంటే?”